లీఫ్ ఎరిక్‌సన్: ఒక విజ్ఞాన సర్వస్వ వ్యాసమును పరీక్షించు విధము



మన సంఘపు సంచికలో ఉత్తర ధ్రువము వైపు నుండి వచ్చిన ఒక నావికుని కథ ఎందుకు అని కొందరు అడుగవచ్చును. నేను వృత్తి రీత్యా బడిపంతులును, నలుబది ఏండ్లుగా చరిత్ర పాఠము చెప్పినాను. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొని, ఇప్పుడు అదే తరగతిలో పిల్లలకు నేర్పుచున్నాను. ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వములోని ఒక చిన్న వ్యాసమును తెలుగులోనికి మార్చుట ఆ తరగతిలో ఒక అభ్యాసము. ఒక సంవత్సరము పిల్లలు లీఫ్ ఎరిక్‌సన్‌ను ఎన్నుకున్నారు. మాటలు మార్చుట త్వరగానే అయినది. తరువాత నేను వారిని అడిగిన ప్రశ్న, “ఈ వ్యాసము మంచిదా?” దానికి జవాబు చెప్పుటకు మాకు ఆరు వారములు పట్టినది. ఆ ఆరు వారములలో తేలిన సంగతులే ఇక్కడ వ్రాయుచున్నాను. మన కుటుంబ చరిత్రలు వ్రాసుకొనుటకు కూడ ఇవి పనికివచ్చునని నా నమ్మకము.

లీఫ్ గూర్చి చిన్న పుస్తకములలో మామూలుగా కనబడే వ్యాసములో నాలుగు సంగతులు ఉండును. అతడు నార్వే దేశస్థుడు. క్రీ.శ. 1000వ సంవత్సరములో సముద్రము దాటినాడు. కొలంబస్ కంటె ముందుగా అమెరికాను కనుగొన్నాడు. అక్కడ ద్రాక్షలు చూచి ఆ దేశమునకు విన్‌లాండ్ అని పేరు పెట్టినాడు. చదువుటకు సులభముగా ఉన్నది. ఒక్కొక్క మాటను పట్టుకొని చూచినప్పుడు మాత్రము సంగతి వేరు.

మొదటి సంగతి: అతడు ఎవరు?

ఎరిక్‌సన్ అనునది ఇంటిపేరు కాదు. “ఎరిక్ కుమారుడు” అని మాత్రమే దాని అర్థము. ఐస్‌లాండ్ వారు నేటికీ ఎక్కువగా తండ్రి పేరునో తల్లి పేరునో బట్టియే పిలువబడుదురు. మంచి వ్యాసము ఈ సంగతిని మొదటనే చెప్పవలెను. మనకు ఇది అర్థము చేసుకొనుట కష్టము కాదు. నాటాల్‌కు వచ్చిన ఓడల జాబితాలలో ప్రతి మనిషి పేరు ప్రక్కన తండ్రి పేరు వ్రాసే గడి ఉన్నది. మన ఇండ్లలో కొందరికి తాత తండ్రి పేరే నేడు ఇంటిపేరు అయినది. నాయుడు అనే గౌరవ పదము “నాయుడూ” అని సాగి ఇంకొందరికి ఇంటిపేరుగా నిలిచినది. పేరు ఎట్లు పుట్టినదో చెప్పని వ్యాసము మనిషిని సరిగా పరిచయము చేసినట్లు కాదు.

లీఫ్ తండ్రి ఎర్ర ఎరిక్. అతడు నార్వేలో పుట్టి ఐస్‌లాండ్‌కు వచ్చినవాడు. అక్కడ హత్యలు చేసినందుకు అతనికి 3 సంవత్సరముల బహిష్కార శిక్ష పడినది. ఆ కాలములో అతడు పడమటి దిక్కున ఉన్న పెద్ద మంచు ద్వీపమును తిరిగి చూచి, జనులను ఆకర్షించుటకు దానికి గ్రీన్‌లాండ్, అనగా పచ్చని దేశము, అని పేరు పెట్టినాడు. మిరపచెట్టు క్రింద బంగారము దొరుకునని చెప్పి కూలీలను ఓడ ఎక్కించిన మేస్త్రీల కథలు మన ముసలివారు చెప్పగా విన్నాము. ఆ విద్య చాలా పాతది. సుమారు 985లో ఎరిక్ వెంట 25 ఓడలు బయలుదేరగా 14 మాత్రమే చేరినవని పాత కథ చెప్పుచున్నది.

లీఫ్ పుట్టినది బహుశా ఐస్‌లాండ్‌లో, పెరిగి నివసించినది గ్రీన్‌లాండ్‌లో. తండ్రి పుట్టినది నార్వే. నార్వే వారూ, ఐస్‌లాండ్ వారూ అతడు మావాడే అని చెప్పుకొందురు. ఆనాడు నేటి పౌరసత్వములు లేవు. కావున “నార్వే దేశస్థుడు” అని ఒక్క మాటతో ముగించుట న్యాయము కాదు. మనలను ఏ దేశస్థులు అని ఎవరైనా అడిగినప్పుడు ఒక్క మాటలో చెప్పలేక మనము పడే ఇబ్బంది ఇక్కడ గుర్తు చేసుకొనవచ్చును.

రెండవ సంగతి: ఎప్పుడు, ఎవరు చెప్పినారు?

లీఫ్ స్వయముగా ఒక్క అక్షరము వ్రాసి పెట్టలేదు. విన్‌లాండ్ అనే పేరు వ్రాతలో మొదట కనబడునది సుమారు 1075లో. జర్మనీలో బ్రెమెన్ నగరమునకు చెందిన ఆడం అనే మతాచార్యుడు లాటిన్‌లో వ్రాసిన గ్రంథములో దాని ప్రస్తావన ఉన్నది. యాత్రల కథ విపులముగా దొరికేది ఐస్‌లాండ్‌లోని రెండు సాగాలలో. సాగా అనగా ఐస్‌లాండ్ భాషలోని వచన కథ. ఒకటి గ్రీన్‌లాండ్ వారి సాగా, రెండవది ఎర్ర ఎరిక్ సాగా. ఇవి గ్రంథరూపము దాల్చినది 13వ శతాబ్దములో, అనగా సంగతి జరిగిన 200 ఏండ్ల తరువాత. ఇప్పుడు మిగిలిన చేతివ్రాత ప్రతులు 14, 15 శతాబ్దముల నాటివి.

ఈ రెండు సాగాలు ఒకే మాట చెప్పవు. గ్రీన్‌లాండ్ వారి సాగా ప్రకారము బ్యార్ని అనే వర్తకుడు గాలికి దారి తప్పి క్రొత్త తీరములను మొదట చూచినాడు గాని ఓడ దిగలేదు. దిగనందుకు జనులు అతనిని తప్పు పట్టినారు. లీఫ్ ఆ బ్యార్ని ఓడనే కొని, 35 మందితో కావాలనే బయలుదేరినాడు. హెల్లులాండ్ (రాతిపలకల దేశము), మార్క్‌లాండ్ (అడవుల దేశము), విన్‌లాండ్ అని మూడు పేర్లూ అతడే పెట్టినాడు. ఎర్ర ఎరిక్ సాగాలో బ్యార్ని లేడు. అందులో నార్వే రాజు ఓలాఫ్ ట్రిగ్వాసన్ క్రైస్తవ మతము చెప్పుటకు లీఫ్‌ను గ్రీన్‌లాండ్‌కు పంపగా, దారి తప్పినది లీఫే. అనుకోకుండా ఆ దేశమును చూచినాడు. అందులో పెద్ద యాత్ర చేసిన గౌరవము థోర్ఫిన్ కార్ల్‌సెఫ్ని అనే వర్తకునిది, అతని భార్య గుద్రిడ్‌ది.

1000వ సంవత్సరము అనే అంకె కూడ ఇట్లే వచ్చినది. ఓలాఫ్ రాజు యుద్ధములో మరణించినది ఆ ప్రాంతములోనే గనుక, అతడు పంపిన లీఫ్ యాత్ర అప్పుడే జరిగి ఉండవలెనని లెక్క కట్టినారు. అది లెక్కయే గాని ఎవరూ ఆనాడు వ్రాసిపెట్టిన తేదీ కాదు. మంచి వ్యాసము “సుమారు 1000” అని వ్రాసి, ఆ అంకె ఎక్కడ నుండి వచ్చినదో చెప్పును. నాసిరకపు వ్యాసము రెండు సాగాల ముక్కలను కలిపి, ఒకే కథగా అల్లి, అతుకు కనబడకుండ చేయును. పిల్లలకు నేను చెప్పిన సూత్రము ఇది: సాక్షులు ఇద్దరు ఉన్నప్పుడు ఇద్దరి మాటా విడివిడిగా వినవలెను.

మూడవ సంగతి: భూమి ఏమి చెప్పినది?

1960లో నార్వే వాడైన హెల్గె ఇంగ్‌స్టాడ్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపపు ఉత్తరపు కొనకు వెళ్లినాడు. లాన్స్ ఓ మెడోస్ అనే చిన్న పల్లెలో జార్జ్ డెక్కర్ అనే స్థానికుడు గడ్డి మొలిచిన కొన్ని దిబ్బలను చూపినాడు. 1961 నుండి 1968 వరకు ఇంగ్‌స్టాడ్ భార్య, పురావస్తు శాస్త్రవేత్త ఆన్ స్టైన్ నాయకత్వములో త్రవ్వకములు జరిగినవి. గడ్డిపెళ్లలతో కట్టిన 8 కట్టడముల ఆనవాళ్లు, ఇనుము కరగించిన కొలిమి, ఓడకు కొట్టే మేకులు, కంచు పిన్ను ఒకటి, నూలు వడికే కదురుకు తగిలించే రాతి బిళ్ల దొరికినవి. ఆ బిళ్ల వలన అక్కడ స్త్రీలు కూడ ఉండిరని పండితులు గ్రహించినారు. 1978లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

2021లో ఇంకొక గొప్ప సంగతి వెలువడినది. 993లో సూర్యుని నుండి వచ్చిన ఒక పెద్ద కిరణపు తాకిడి గుర్తు ప్రపంచమంతటా చెట్ల వలయములలో నిలిచి ఉన్నది. లాన్స్ ఓ మెడోస్‌లో దొరికిన, ఇనుప పనిముట్టుతో నరికిన మూడు కొయ్య ముక్కలలో ఆ గుర్తు గల వలయమును కనిపెట్టి, అక్కడ నుండి బెరడు వరకు వలయములను లెక్కించినారు. మూడు చెట్లనూ నరికినది 1021లో అని తేలినది. సాగాలు చెప్పలేని ఖచ్చితమైన సంవత్సరమును చెట్లు చెప్పినవి.

ఇక్కడ కూడ జాగ్రత్త కావలెను. 1021లో నార్స్ వారు అక్కడ చెట్లు నరికినారని మాత్రమే ఇది రుజువు చేయును. మొదట వచ్చినది ఆ సంవత్సరమే అని గాని, చివరిది అదే అని గాని చెప్పదు. లీఫ్ పేరు ఉన్న వస్తువు ఒక్కటియు అక్కడ దొరకలేదు. “లీఫ్ ఇల్లు దొరికినది” అని వ్రాసే వ్యాసమునకు నేను మార్కులు తగ్గింతును. సాగాలు చెప్పే యాత్రలు ఉత్త కల్పన కావని ఆ త్రవ్వకములు చూపినవి. అంత వరకు వ్రాసి ఆగవలెను.

ద్రాక్షల సంగతి కూడ ఇక్కడే చెప్పుదును. లాన్స్ ఓ మెడోస్ చలి ప్రదేశము, అక్కడ ద్రాక్ష పెరుగదు. అందుచేత “విన్” అనగా ద్రాక్ష కాదు, పచ్చిక బయలు అని కొందరు వాదించినారు. ఎక్కువ మంది పండితులు ద్రాక్ష అనే అర్థమునే ఒప్పుకొందురు. త్రవ్వకములలో బటర్‌నట్ అనే కాయలు దొరికినవి. ఆ చెట్టు న్యూఫౌండ్‌లాండ్‌లో పెరుగదు, దక్షిణమున న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతములో పెరుగును. అక్కడ అడవి ద్రాక్ష కూడ ఉన్నది. కాబట్టి ఈ జనులు ఇంకా దక్షిణమునకు పోయి వచ్చినారు. లాన్స్ ఓ మెడోస్ ఆ దేశమునకు వాకిలి వంటి మకాము కావచ్చును.

నాలుగవ సంగతి: “కనుగొనుట” అనే మాట

మన పిల్లలకు ఈ మాట గూర్చి వేరే చెప్పనక్కరలేదు. 1497 క్రిస్మస్ నాడు వాస్కో డ గామా ఈ తీరము ప్రక్కగా పోవుచు నాటాల్ అని పేరు పెట్టినాడని మనము బడిలో చదివినాము. అప్పటికే ఈ నేల మీద మనుషులు ఇండ్లు కట్టుకొని, పశువులను మేపుకొని ఉన్నారు. విన్‌లాండ్ కథ కూడ అంతే. సాగాలలో స్క్రేలింగులు అని నార్స్ వారు పిలిచిన స్థానికులు ఉన్నారు. ఆ పేరు గౌరవపు పేరు కాదు. గ్రీన్‌లాండ్ వారి సాగాలో లీఫ్ తమ్ముడు థోర్వాల్డ్ మనుషులు, తోలు పడవల క్రింద నిద్రించుచున్న తొమ్మిది మందిని పట్టుకొని ఎనిమిది మందిని చంపినారు. తప్పించుకొన్నవాడు తనవారిని తెచ్చెను. ఆ పోరులో బాణము తగిలి థోర్వాల్డ్ మరణించెను. కార్ల్‌సెఫ్ని కాలములో బొచ్చు చర్మములకు బదులుగా పాలు ఇచ్చి బేరము చేసినారని ఒక సాగా, ఎర్ర గుడ్డ ఇచ్చినారని ఇంకొక సాగా చెప్పును. చివరకు అక్కడి జనులు ఎక్కువ మంది, తాము కొద్దిమంది అని గ్రహించి నార్స్ వారు వెనుకకు మరలినారు. ఈ మనుషులు లేని వ్యాసము సగము వ్యాసమే.

అయిదవ సంగతి: అభిమానము చేసిన పనులు

మనవంటి వలస కుటుంబముల వారు జాగ్రత్తగా చదువవలసినది ఈ భాగము. 1837లో డెన్మార్క్ పండితుడు రాఫ్న్ సాగాలను గొప్ప గ్రంథముగా ప్రకటించిన తరువాత, అమెరికాలో ఈ కథ వ్యాపించినది. నార్వే నుండి వలస వచ్చిన పేద రైతుల బిడ్డలకు లీఫ్ కథ ఒక బలము ఇచ్చినది. మేము నిన్న వచ్చినవారము కాము, మా పూర్వులు అందరికంటె ముందు వచ్చినారు అని చెప్పుకొనుటకు వీలు కలిగినది. 1887లో బోస్టన్‌లో లీఫ్ విగ్రహము నిలిపినారు. 1930లో అమెరికా దేశమే ఐస్‌లాండ్‌కు లీఫ్ విగ్రహమును కానుకగా ఇచ్చినది. 1964లో అమెరికా కాంగ్రెస్ అక్టోబరు 9ని లీఫ్ ఎరిక్‌సన్ దినముగా ప్రకటించుటకు అధ్యక్షునికి అధికారము ఇచ్చినది. ఆ తేదీకి లీఫ్‌తో సంబంధము లేదు. 1825లో నార్వే వలసదారుల మొదటి ఓడ రెస్టరేషన్ న్యూయార్క్ చేరిన రోజు అది. 1860లో మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ చేరిన నవంబరు 16ను మనము తలచుకొనుట వంటిదే అది. ఇందులో తప్పేమియు లేదు.

అభిమానము సాక్ష్యమును తయారు చేయుటకు దిగినప్పుడు తప్పు మొదలగును. 1898లో మిన్నెసోటాలో, నార్స్ వలసలు ఎక్కువగా ఉన్న జిల్లాలో, 1362 నాటిదని చెప్పుకొనే రూన్ లిపి రాయి ఒకటి బయటపడినది. దాదాపు పండితులందరూ దానిని 19వ శతాబ్దపు కల్పన అనియే తేల్చినారు. 1965లో యేల్ విశ్వవిద్యాలయము విన్‌లాండ్ పటము అని ఒక దానిని ఘనముగా ప్రకటించినది. అది కొలంబస్ కంటె ముందుదని చెప్పినారు. 1974లో దాని సిరాలో కొత్త కాలపు రసాయనము కనబడినది. 2021లో అది దొంగపటమని యేల్ వారే ప్రకటించినారు. తమ పొరపాటును తామే చెప్పిన ఆ విశ్వవిద్యాలయమునకు గౌరవము తగ్గలేదు.

మంచి వ్యాసము విగ్రహములను, దినములను, దొంగపటమును దాచదు. వాటిని వేరే శీర్షిక క్రింద, తరువాతి కాలపు చరిత్రగా చెప్పును. 1000లో జరిగినది ఒకటి, దానిని 1887లో జనులు ఎట్లు తలచినారో అది ఇంకొకటి.

మార్కులు ఎట్లు వేయవలెను?

పిల్లలు ఇప్పుడు చూచునది వికీపీడియా. అందులో మంచి వ్యాసమునకు కొన్ని నియమములు పెట్టినారు: భాష స్పష్టముగా ఉండవలెను, ప్రతి మాటకు ఆధారము చూపవలెను, విషయమంతా రావలెను, పక్షపాతము ఉండరాదు, ప్రతి దినము దిద్దుబాట్ల జగడము ఉండరాదు, బొమ్మలు ఉంటే వాటి వివరము సరిగా ఉండవలెను. ఇవి మంచి నియమములే. మన భాషలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు (1877-1923) ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ప్రారంభించి, అది పూర్తి కాకముందే పరమపదించినారు. ఒక్కొక్క మాటను సరిచూచి వ్రాయుటకు ఎంత కాలము పట్టునో దానిని బట్టియే తెలియును.

మా తరగతిలో ఆ నాలుగు సంగతుల వ్యాసమునకు పిల్లలు పదికి మూడు మార్కులు వేసినారు. అబద్ధములు ఉన్నందుకు కాదు. నాలుగింటిలో ఒక్కటియు పూర్తిగా అబద్ధము కాదు. “ఎవరు చెప్పినారు” అన్నది ఒక్క చోట కూడ లేనందుకు తగ్గించినారు. నేను వారి తీర్పును ఒప్పుకొన్నాను.

ఇక మన సంగతి. మా తాతగారు ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి వచ్చినవారు. ఆయన వచ్చిన కథ మా ఇంట్లో రెండు విధములుగా చెప్పేవారు. అన్నతో పొలము విషయములో తగవుపడి ఇల్లు విడిచినారని మా అవ్వ చెప్పేది. పనికని మద్రాసుకు పోగా మేస్త్రీ మాటలు నమ్మి ఓడ ఎక్కినారని మా పెద్దత్త చెప్పేది. ఓడ జాబితాలో ఆయన పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చ ఉన్నవి. ఎందుకు వచ్చినారో వ్రాయుటకు అందులో గడి లేదు. నేను నా మనుమలకు వ్రాసి ఇచ్చిన కాగితములో మూడింటినీ విడివిడిగా వ్రాసినాను: అవ్వ మాట, అత్త మాట, జాబితా మాట.

కొన్ని కుటుంబములలో మా తాత కూలీగా రాలేదు, వర్తకుడుగా వచ్చినాడు అని చెప్పుకొందురు. అది నిజమైన కుటుంబములు ఉన్నవి. ఒప్పంద సంఖ్య జాబితాలో ఉన్నప్పటికీ అట్లు చెప్పుకొనే కుటుంబములు కూడ ఉన్నవి. చెరకు తోటలో చెమటోడ్చి మనలను చదివించిన మనిషిని వర్తకునిగా మార్చినచో, ఆయన పడిన కష్టమును మనమే తుడిచివేసినట్లు అగును. నా మాట కఠినముగా తోచవచ్చును గాని, బడిపంతులుగా చెప్పక తప్పదు.

గ్రీన్‌లాండ్‌లో ఎరిక్ నాటిన ఆ జనుల గూర్చి వ్రాతలో దొరికే చివరి సంగతి 1408లో హ్వాల్సే చర్చిలో జరిగిన ఒక పెండ్లి. తరువాత ఆ గ్రామములు ఖాళీ అయినవి. లీఫ్ పేరు నేడు మనకు తెలియుటకు కారణము, సముద్రమునకు ఈవల ఐస్‌లాండ్‌లో కొందరు కూర్చుండి విన్నది విన్నట్లు చర్మపు కాగితముల మీద వ్రాసిపెట్టుట. వారు రెండు విధములుగా వ్రాసినందుకు మనము వారికి కృతజ్ఞులము. ఒకే కథ మిగిలి ఉంటే సరిచూచుటకు మనకు రెండవది ఉండేది కాదు.

ఆంధ్ర మహాసభ ఈ దేశములో 1931లో స్థాపించబడినది. ఆనాటి సంగతులు నోటితో చెప్పగలవారు మన మధ్య ఇక మిగిలిలేరు. వారి నోట విన్నవారు, అనగా నా వయస్సు వారు, ఇంకా ఉన్నారు. ప్రతి ఇంటివారు పెద్దల వద్ద కూర్చుండి వారి మాటలు వ్రాసికొని, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ క్రింద వ్రాయవలెనని, ఓడ జాబితాలోని వివరమును ప్రక్కన జతపరచవలెనని కోరుచున్నాను. రెండు మాటలు కలియకపోయినచో కలుపవద్దు. రేపు ఎవరైనా మన గూర్చి విజ్ఞాన సర్వస్వములో వ్యాసము వ్రాసినచో, ఆ కాగితములే వారికి ఆధారములు. సాయంకాలపు తరగతికి వచ్చిన వారికి ఈ పనిలో నేను తోడుగా ఉందును.